కొట్టం దగ్గర కుక్క: మాలిమి, సంరక్షణ

గేదె దాణా గురించి, చూలు గురించి రాసే పుటలో కుక్క గురించి పాఠమేమిటని కొందరు సభ్యులు నవ్వవచ్చు. కాని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో పాడి ఉన్న ఇంట కుక్క ఉండడం మామూలే. వెలిగొండల వాలులో గొర్రెలు మేపేవారికి అది లేనిదే గడవదు. అదే కుక్క దూడను తరిమినా, పాలు తెచ్చేవారి మీద పడినా, దానికి పిచ్చి సోకినా నష్టం కొట్టందాకా వస్తుంది. అందుచేత ఈ విషయం తీసుకున్నాము.

పాలు పితకబోయే ముందు గేదెను ఎవరూ కొట్టరు. దూడను వదిలినా, దాణా తొట్టి చప్పుడైనా గేదె చేపుతుంది. అప్పుడు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి దిగి, పొదుగులోని పాలను కిందికి నెడుతుంది. గేదె బెదిరితే అడ్రినలిన్ అనే మరొక రసం దీనికి అడ్డుపడుతుంది, గేదె ఎగచేపుతుంది. చప్పుడుకూ తిండికీ ఇలా ముడిపడడాన్ని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ కుక్కలలో పరిశీలించాడు. తిండి కంటబడకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు చొంగ కారడం ఆయన గమనించాడు. జీర్ణక్రియ మీద చేసిన కృషికి ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. గేదెను చేపించడం తెలిసిన మన సభ్యులకు కుక్కను మాలిమి చేయడం కొత్త విద్య కాదు.

ఏ పని చేస్తే లాభం కలిగిందో ఆ పనినే కుక్క మళ్లీ చేస్తుంది. పిలవగానే వచ్చిందా, ఆ క్షణంలోనే పిసరంత సంగటి ముద్దో, ఎండుచేప ముక్కో పెట్టాలి. కాసేపాగి పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. దెబ్బ సంగతీ అంతే. ఊరంతా తిరిగి, పిలిస్తే వచ్చిన కుక్కను కొట్టామనుకోండి. తిరిగినందుకు కొట్టామని మన లెక్క. వచ్చినందుకు కొట్టారని దాని లెక్క. మర్నాడు పిలిస్తే రాదు. గుర్రుమన్నందుకు కొట్టడం ఇంకా చెడ్డది. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, కుక్క చెప్పకుండానే కరుస్తుంది.

దూడను తరిమే కుక్కకు ఒక ఉపాయం ఉంది. మెడకు తాడు కట్టి, దూడ కనబడేంత దూరంలో, కుక్క ఇంకా నిదానంగా ఉండే చోట నిలబడండి. దూడను చూసి మళ్లీ మీ వైపు తల తిప్పగానే ముక్క పెట్టండి. రోజుకు పది నిమిషాలు చాలు. నాలుగైదు రోజులకొకసారి నాలుగడుగులు ముందుకు జరగండి. కుక్క లాగి ఎగిరితే తొందరపడ్డామన్నమాట, వెనక్కి జరగాలి. ఇన్ని రోజులా అనకండి. బర్రె పడ్డకు కొత్త పలుపు అలవాటు చేయడానికి మాత్రం రోజులు పట్టవా?

పిల్లప్పుడే మొదలుపెడితే ఈ శ్రమ చాలా తగ్గుతుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి 1965లో పుస్తకం ప్రచురించారు. పిల్లకు మూడో వారం మొదలు సుమారు పన్నెండో వారం దాకా చూసినవాటితో చనువు సులభంగా కలుస్తుందని అందులో తేలింది. దూడలు, పాలక్యాన్ల చప్పుడు, సైకిలు, చిన్నపిల్లలు ఆ వయసులోనే, భయం లేకుండా, దానికి పరిచయం కావాలి.

పొద్దస్తమానం పొట్టి గొలుసుతో కట్టేస్తే కాపలా బాగుంటుందనుకోవడం పొరపాటు. అలాంటి కుక్క చిరాకుపడి ఎవరినైనా కరుస్తుంది. పైగా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం. మన ప్రాంతపు ఎండలకు నీడ, పెంకులో రోజంతా నీళ్లు తప్పనిసరి. కుక్క వగర్చడం ద్వారానే ముఖ్యంగా ఒళ్లు చల్లబరచుకుంటుంది. గొర్రెను కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకండి. వాటిలో నీటి తిత్తులుంటే కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో గడ్డి మీద, చేతుల మీద పడి పశువులకూ మనుషులకూ తిత్తులు పుట్టిస్తాయి. పురుగుల మందు పశువైద్యుని అడిగి వేయించండి.

ఇక రేబీస్. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో నెలకొల్పిన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పశువులకూ మనుషులకూ ఈ టీకాలు తయారుచేస్తున్నది.

పిచ్చికుక్క కరిచిన గేదెకు జబ్బు కొన్ని వారాలకో, నెలలకో బయటపడుతుంది. మేత మానుతుంది, పాలు తగ్గిపోతాయి, గొంతు మారి అదేపనిగా అరుస్తుంది, చొంగ కారుతుంది, మింగలేదు. ఇక్కడే పెద్ద ప్రమాదం. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెడతారు. ఎంతమాత్రం పెట్టరాదు. లక్షణాలు కనబడ్డాక మందు లేదు. కాటు పడిన రోజే గాయం కడిగి, పశువుల ఆసుపత్రిలో సూదులు మొదలుపెట్టించాలి. మరిగించిన పాలలో ఆ క్రిమి బతకదు. అయినా జబ్బు అనుమానమున్న గేదె పాలు కేంద్రానికి పోయకండి, దూడకూ తాగించకండి. పచ్చిపాలు తాగినవారు, చొంగ తగిలినవారు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మనిషిని కరిస్తే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు గాయం కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. నెత్తురు వచ్చిన గాయమైతే, గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడిగి వేయించుకోండి. కరిచిన కుక్కను చంపకండి. పెంపుడు కుక్కయితే కట్టి, తిండి నీళ్లు పెడుతూ పది రోజులు కనిపెట్టండి. పదో రోజు దాటి ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని చొంగలో రేబీస్ లేనట్లే. టీకా మాత్రం ఆ పది రోజుల కోసం ఆపవద్దు. మిగిలిన సూదుల సంగతి డాక్టరు చెబుతారు.