బీగం ఎవరి చేతికి?

సమస్య

అక్కా,

మేము ప్రొద్దుటూరులో ఉంటాం. మా ఆయన ఉద్యోగం చేసి రిటైరయ్యారు. జమ్మలమడుగు దగ్గర పల్లెలో అత్తమామల నాటి మట్టిమిద్దె ఒకటుంది. పిల్లలు చదువుకునే రోజుల్లో ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఇప్పటికీ ఉగాదికి, సంక్రాంతికి, పీర్ల పండగకు అందరం చేరేది ఆ ఇంటికే. అత్తమ్మ ఉన్నన్నాళ్లు దానికి బీగం పడింది లేదు. పోయినేడు ఆమె కాలం చేశారు. అప్పట్నుంచి వీలు చిక్కినప్పుడల్లా మేమే పోయి ఊడ్చి, దీపం పెట్టి వస్తున్నాం.

ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి జూన్‌లో కాన్పు. మే నెలలో బయల్దేరితే మళ్లీ నవంబరుకే రావడం. ప్రొద్దుటూరు ఇంటి గురించి దిగులు లేదు, కింద అద్దెకున్నవాళ్లు మంచివాళ్లు. పల్లెలో ఇంటిని ఏం చేయాలన్నదే తోచడం లేదు.

మా ఆయన్నడిగితే "ఆడ ఏముండాదని దొంగలొస్తారు? బీగమేసి పోదాం పా" అంటారు. ఏమీ లేకపోవడమేంటి? అత్తమ్మ ఇత్తడి బిందెలు, రాగి గంగాళం, టేకు పెట్టె, అందులో పాత దస్తావేజులు అన్నీ అక్కడే ఉన్నాయి.

మా మరిది ఇల్లు పక్కనే, గోడకు గోడ. "బీగాలు నాకిచ్చి పోండి వదినా. శనగ మూటలు ఏసుకుంటా, ఇల్లు చూసుకున్నట్టూ ఉంటాది" అంటున్నాడు. మనిషి మంచివాడే. కానీ భాగాల్లో ఆ ఇల్లు మాకొచ్చిందని లోపల్లోపల కష్టంగానే ఉంది. ఒకసారి మూటలు లోపలికి చేరితే మళ్లీ బయటికి వస్తాయా అని నా భయం. మా ఆడబిడ్డను పులివెందులలో ఇచ్చారు. సంగతి తెలిసి ఫోన్ చేసి, "అది మా అమ్మ ఇల్లు. వానికిస్తే నేనొప్పుకోను, బీగాలు నాకియ్యండి" అని ఏడ్చింది. ఒకరికిస్తే ఇంకొకరితో చెడుతుంది. ఎవరికీ ఇవ్వకపోతే ఇల్లే చెడుతుంది.

ఇంకో మాట. అన్ని నెలలు దేవుని గూట్లో దీపం లేకుండా ఇల్లు మూసి పెట్టొచ్చా? ఇల్లు ఎట్ల సర్దాలో, బీగం ఎవరికివ్వాలో మీరే చెప్పండి.

— ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

సలహా

చెల్లెమ్మా,

ముందు మీ ఆయన మాటకు జవాబు చెబుతాను. మూసిన ఇంటికి దొంగ వచ్చినా రాకపోయినా వాన, చెద, ఎలుక మాత్రం తప్పకుండా వస్తాయి. వీటికి బీగం అడ్డు కాదు. మనిషి అలికిడి, గాలి, వెలుతురు ఉంటేనే ఇవి వెనక్కి తగ్గుతాయి. కాబట్టి బీగం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. వారానికోసారి ఆ తలుపు ఎవరు తీస్తారు? అది తేలితే బీగం సంగతి దానంతటదే తేలుతుంది.

మొదటి పని మిద్దె మీద. మీరు లేని నెలల్లోనే మన జిల్లా వానలన్నీ పడతాయి. జూన్ జల్లులకు మట్టిమిద్దె తట్టుకుంటుంది. దాన్ని తినేది అక్టోబరు, నవంబరు ముసురు. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. 19వ తేదీన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయిన వారం అది. అలాంటి ముసురు పట్టినప్పుడు తూములో ఒక గడ్డి పిలక అడ్డం పడితే చాలు. నీళ్లు నిలిచి మిద్దె నానుతుంది, దూలాల మీద బరువు పెరుగుతుంది.

అందుకే మృగశిర కార్తె వచ్చేదాకా ఆగొద్దు, ఏప్రిల్‌లోనే మిద్దెకు చౌడు తోలించండి. పాత చౌడు మీద మొలిచిన గడ్డిని పైపైన కోయకుండా వేళ్లతో సహా పెరికించండి. పిట్టగోడ మూలల్లో రావి మొక్క కనిపిస్తే అసలు వదలొద్దు. ఆ తర్వాత కొత్త చౌడు పరిచి, వాలు తూము వైపే ఉండేటట్టు దిమ్మిసతో కొట్టించాలి. నీళ్లు తగలగానే చౌడు బిగుసుకుని సందులు మూసుకుపోతాయి, వాన కిందికి దిగదు. మన పెద్దలు ఏటేటా ఆ మన్నే ఎందుకు తోలించేవాళ్లో దీన్నిబట్టే తెలుస్తుంది. చివరగా వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాక్షి మీద ఒక నాపబండ బోర్లించండి. జమ్మలమడుగు చుట్టుపక్కల నాపబండకేం కరువు! పనంతా అయ్యాక మీ ఆయన రెండు బిందెల నీళ్లు మిద్దె మీద పోసి, అవి ఎటు పోతున్నాయో నిలబడి చూడాలి. ఈ పని కూలివాళ్లకు వదిలేయొద్దు.

ఇక లోపలి సంగతి. బియ్యం, పప్పులు, పాత బట్టలు, పుస్తకాలు, కట్టెలు ఏవీ ఉంచకండి. తినడానికేమీ దొరకని ఇంట్లో ఎలుక ఎక్కువ రోజులు ఉండదు. కలుగులుంటే గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్పించండి. తొలి వానలకు దీపం చుట్టూ ఉసుళ్లు లేస్తాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. గోడ మీద సన్నటి మట్టి గీత కనిపిస్తే గోటితో గీకి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే బయల్దేరక ముందే మందు కొట్టించాలి. మంచం, బల్ల గోడకు ఆనకుండా జానెడు ఎడం ఉంచండి. కాళ్ల కింద బండముక్కలు పెట్టండి.

నీళ్ల దగ్గర రెండు జాగ్రత్తలున్నాయి. తొట్టి, డ్రమ్ము ఖాళీ చేసి గట్టిగా తోమి బోర్లించండి. డెంగీ దోమ గుడ్లు తడి ఆరినా నెలల తరబడి చావకుండా అంటుకుని ఉంటాయి. ఉత్తగా నీళ్లు పారబోస్తే సరిపోదు, తోమాల్సిందే. పెరట్లో రోలు బోర్లించలేం కాబట్టి దాన్ని ఇసకతో నింపండి. రెండోది బాత్రూము. వాడకం లేకపోతే గొట్టం వంపులో నిలిచే నీళ్లు ఆరిపోయి, ఆ దారినే వాసన, బొద్దింకలు పైకి వస్తాయి. తలుపు తీయడానికి వచ్చినవాళ్లు ప్రతిసారీ ఒక చెంబు పోస్తే చాలు. గ్యాస్ సిలిండరు తీసేయండి. కరెంటు మెయిన్ ఆపేయండి, కానీ బిల్లు మాత్రం ఫోన్‌లో కడుతూ ఉండండి. వాడకపోయినా కొంత ఛార్జీ పడుతుంది, కట్టకపోతే కనెక్షన్ తీసేస్తారు.

పెట్టెలోని దస్తావేజులు ఈ వారమే తెచ్చి ప్రొద్దుటూరులో బ్యాంకు లాకర్లో పెట్టండి. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మంటలు, దొంగతనం, బ్యాంకు సిబ్బంది మోసం వంటి వాటివల్ల లాకరుకు నష్టం జరిగితే ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బ్యాంకు బాధ్యత వహించాలి. కాగితాలు అక్కడ పెట్టే ముందు ఒకసారి విప్పి చూడండి. భాగాల పత్రం రిజిస్టరయిందా? పంచాయతీలో ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ ఆయన పేరుకు మారాయా? మారకపోతే మార్పించుకోవాల్సింది ఇప్పుడే.

ఇక్కడే మీ అసలు భయం గురించి కూడా చెప్పాలి. మీరే ఇష్టపడి వాడుకోమన్న ఇంట్లో మీ మరిది ఆరు నెలలు మూటలు వేసుకున్నంత మాత్రాన ఇల్లు అతనిదైపోదు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం అనుభవం మీద హక్కు అడగాలంటే 12 ఏళ్లు ఉండాలి. అదీ యజమాని అనుమతితో కాదు, యజమానిని కాదని బాహాటంగా ఉండాలి. కాబట్టి ఆ భయం వద్దు.

అయినా శనగ మూటలకు ఒప్పుకోవద్దనే చెబుతాను. కారణం వేరు. ధర కోసం ఆగిన శనగలకు పుచ్చు పడుతుంది. పుచ్చు పట్టకుండా మన రైతులు మూటల మధ్య మందు బిళ్లలు పెడతారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలో తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. అవి మనుషులుండే ఇళ్లలో పెట్టే మందు కాదు. మూసిన మిద్దెలో పెడితే ఆ గాలి సందుల్లోంచి పక్కింట్లోకి పోవచ్చు. ఆ పక్కిల్లు మీ మరిదిదే. "మీ పిల్లలు పడుకునే గోడ పక్కన ఆ మందు వద్దు నాయనా, మూటలు గోదాములో వేసుకో, అక్కడి రసీదు మీద అప్పు కూడా పుడుతుంది" అని చెప్పండి. ఇందులో అనుమానం లేదు, ఉన్న మాటే. దాంతోపాటు బయటి పంచ, దొడ్డి వాడుకోమనండి. పంచలో నలుగురు కూర్చుంటుంటే, దొడ్లో ఒక బర్రె కట్టేసి ఉంటే ఆ ఇంటిని ఎవరూ ఖాళీ ఇల్లు అనుకోరు.

ఇప్పుడు బీగం. మీ ఉత్తరంలో మరిది ఉన్నాడు, ఆడబిడ్డ ఉంది, మీ ఆయన ఉన్నారు. మీ తోడికోడలి పేరే రాలేదు! మీ మరిది "చూసుకుంటా" అంటే చీపురు పట్టేది ఆమే కదా. అందుకని నేరుగా ఆమెనే అడగండి, బీగం ఆమె చేతిలోనే పెట్టండి. ఊరికే చేయమనకండి. నెలనెలా ఇంత అని చెప్పి ఇవ్వండి, వచ్చేటప్పుడు ఒక చీర తెండి.

ఆమెకు అప్పజెప్పే పని మీ ప్రశ్నలోనే ఉంది. ప్రతి శుక్రవారం దేవుని గూట్లో దీపం పెట్టమనండి. దీపం పెట్టాలంటే ముందు తలుపులు తీయాలి, ఊడ్చాలి, నీళ్లు చల్లాలి. వెలిగే దీపాన్ని వదిలి బీగం వేయకూడదు కాబట్టి అది కొండెక్కేదాకా కూర్చోవాలి. ఆ గంటసేపు కిటికీలన్నీ తెరిచి ఉంటాయి, ఇంటికి గాలి ఆడుతుంది. ఆలోపు బాత్రూములో చెంబెడు నీళ్లు పోయడం, గోడల మీద మట్టి గీతలు చూడటం, తూము వైపు ఒక ఫోటో తీసి మీకు పంపడం అయిపోతాయి. దీపం లేకుండా ఇల్లు మూయొచ్చా అని అడిగారు. మూయొద్దు. శాస్త్రం సంగతి ఎట్లున్నా, ఇంటికి మంచిది. ఏ శుక్రవారమైనా ఆమెకు వీలుకాకపోతే శనివారం పెట్టినా దేవుడేమీ అనుకోడు.

మీ ఆడబిడ్డ ఏడ్చింది బీగం కోసం కాదు. తల్లి పోయింది, పుట్టింటి తలుపు కూడా మూసుకుపోతోందని ఆమె దిగులు. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా వారం వారం రావడం ఆమె వల్ల కాదని ఆమెకూ తెలుసు. రెండో బీగం చెవి ఆమెకివ్వండి. దసరాకు వచ్చి రెండు రోజులుండి, ముసురుకు ముందు మిద్దె చూసి పొమ్మని ఆ పని ఆమెకు అప్పజెప్పండి. అప్పుడామె పుట్టింటికి చుట్టంలా కాదు, ఇంటి మనిషిలా వస్తుంది. అత్తమ్మ గంగాళం ఆమెకే ఇచ్చేయండి. భద్రంగా ఉంచమని కాదు, ఆమెదేనని చెప్పి ఇవ్వండి. మిగిలిన ఇత్తడి ప్రొద్దుటూరుకు తెచ్చుకోండి.

ఈ ఏర్పాటంతా మరిది, తోడికోడలు, ఆడబిడ్డ ముగ్గురికీ ఒకేచోట, ఒకే మాటగా చెప్పాలి. ఒకరికి ఫోన్‌లో ఒకరకంగా, ఇంకొకరికి ఎదురుగా ఇంకోరకంగా చెబితే ఆ రెండు మాటలు ముద్దనూరు బస్సు కంటే ముందే కలుసుకుంటాయి. చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. అది ఆయన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల వ్యవహారం. కోడలి నోటితో వస్తే మంచి మాట కూడా పెడర్థంగా వినిపిస్తుంది.

ఇది చదివే పట్నంవాళ్లకు ఒక మాట. ఆంధ్రప్రదేశ్ పోలీసులు బీగం వేసిన ఇళ్లకు ఉచితంగా నిఘా పెట్టే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ తెచ్చారు. ఊరెళ్లేటప్పుడు మీ స్టేషన్లో అడిగి చూడండి. విమానం ఎక్కుతున్న ఫోటోలు స్టేటస్‌లో పెట్టడం మాత్రం తిరిగొచ్చాక చేయండి.

నవంబరులో మీరు వచ్చాక పల్లెకు పగటిపూటే పోండి. పరుపులు, చాపలు కర్రతో ఎత్తి దులపండి, కింద తేళ్లుంటాయి. కుళాయి నీళ్లు కాసేపు వదిలేసి తర్వాత వాడండి. మీరు వచ్చాక తొలి శుక్రవారం మాత్రం దీపం మీ తోడికోడలినే పెట్టనివ్వండి. ఆరు నెలలు ఇంటిని నిలబెట్టిన మనిషిని మీరొచ్చిన రోజే పక్కన పెడితే, ఇంకోసారి మీరు అమెరికా పోవాల్సి వచ్చినప్పుడు బీగం పట్టుకునే చెయ్యి ఉండదు.