వాణిశ్రీ కొప్పు వేసుకుంటున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

పెళ్ళిళ్ళలో, కాలేజీ వేడుకల్లో పాతకాలపు అలంకరణల మోజు మొదలయ్యాక సినీనటి వాణిశ్రీ కొప్పు మళ్ళీ తలకెక్కింది. ‘ప్రేమనగర్’ సినిమా (1971) రోజుల్లో ఆమె చీరకట్టుని, జాకెట్టుని, నడినెత్తిన లేచిన ఆ ముడిని చూసి నేర్చుకున్న ఆడపిల్లలు మన ఊళ్ళలో ఎందరో. అంతకు పదకొండేళ్ళ ముందే, 1960లో, షికాగోలో మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే కేశాలంకరణ నిపుణురాలు ‘బీహైవ్’ అనే ఎత్తు ముడిని రూపొందించారు. రెండింటి కిటుకూ ఇంచుమించు ఒకటే. జుట్టుకి చిక్కు పెట్టి ఎత్తు తేవడం, లోపల సవరమో మెత్తో పెట్టడం, పైన స్ప్రే కొట్టి నిలబెట్టడం. ప్రమాదాలు పొంచి ఉండేది కూడా ఈ మూడింటిలోనే.

కొప్పు ఎంత పెద్దదైనా పర్వాలేదు, అది కుదుళ్ళను లాగి నిలబడకూడదు. నా దృష్టిలో మొదటి నియమం ఇదే.

చిక్కు పెట్టేటప్పుడు

తలస్నానం ముందురోజే చేసి, జుట్టు పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. తడి జుట్టు సాగుతుంది, సాగి తెగుతుంది. వెంట్రుక పైపొరలో సన్నని పొలుసులు కుదురు నుంచి కొస వైపుకి పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి పడుకుని ఉంటాయి. మనం దువ్వెనని ఎదురు తోసినప్పుడు అవి లేస్తాయి. అందుకే చిక్కు పెట్టిన జుట్టు ఎత్తుగా నిలుస్తుంది, అందుకే దెబ్బ కూడా తింటుంది.

రెండు వేళ్ళ వెడల్పు పాయ తీసుకుని నిటారుగా పట్టుకోండి. కొస దగ్గర మొదలుపెట్టకండి. మాడుకి నాలుగంగుళాల పైన దువ్వెన ఉంచి కిందికి మూడు నాలుగుసార్లు మెల్లగా తోస్తే చాలు. పైన కప్పే పాయకి చిక్కు పెట్టనక్కర్లేదు, దాన్ని నున్నగా దువ్వి మూసేయండి. ఈమధ్యే స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్ళు, రంగు కోసం బ్లీచ్ చేయించుకున్నవాళ్ళు చిక్కు జోలికి పోవద్దు. ఎత్తు కావాలంటే లోపల మెత్త పెట్టుకోవచ్చు.

సవరం, పిన్నులు

సవరం బరువంతా ఒక రబ్బరుబ్యాండు మీద వేలాడదీయకండి. నడినెత్తిన చిన్న జడ అల్లి, దాన్ని చుట్టగా బల్లపరుపుగా పరిచి పిన్నులు పెట్టండి. ఆ చుట్టే పునాది. మెత్త దానిమీద కూర్చోవాలి, సవరం పిన్నులన్నీ దానిలోకే దిగాలి. అప్పుడు బరువు నాలుగు వైపులా పరుచుకుంటుంది. కట్టడం అయ్యాక కనుబొమలు పైకెత్తి చూడండి, తల అటూ ఇటూ తిప్పి చూడండి. కణతల దగ్గర చురుక్కుమంటే బిగువు ఎక్కువైందన్నమాట. ‘కాసేపటికి అదే సర్దుకుంటుంది’ అని ఎవరన్నా వినకండి, విప్పించి మళ్ళీ కట్టించుకోండి. గట్టిగా లాగి కట్టిన జుట్టు వల్ల వచ్చే బట్టతలను 1907లోనే గ్రీన్‌లాండ్ స్త్రీలలో గమనించి వైద్యులు నమోదు చేశారు. తొలిదశలో మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి లాగితే కుదురే చచ్చిపోతుంది.

పిన్నులను పళ్ళతో తెరవకండి, పెదవుల మధ్య పెట్టుకుని మాట్లాడకండి. ఎవరైనా నవ్విస్తే చాలు, పిన్ను గొంతులోకి జారుతుంది. జారితే మనవాళ్ళు వెంటనే అరటిపండో అన్నం ముద్దో మింగిస్తారు. అది చేయకండి, వాంతి కూడా చేయించకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కొసన ప్లాస్టిక్ బొడిపె ఊడిన పిన్నుని పారేయండి. ఎన్ని పిన్నులు పెట్టారో లెక్క రాసుకోండి, అది రాత్రికి పనికొస్తుంది.

ఒకరి సవరం ఇంకొకరు పెట్టుకుంటే పేలు, ఈర్లు వస్తాయి. అరువు తెచ్చుకోక తప్పకపోతే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా రెండు వారాలు కట్టి ఉంచి, తర్వాత ఉతికి నీడన ఆరబెట్టి వాడండి.

స్ప్రే, మంట

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడ కావాలి. హెయిర్ స్ప్రేలో ఆల్కహాల్ ఉంటుంది. డబ్బాలోంచి దాన్ని చిమ్మించడానికి చాలావాటిలో బ్యూటేన్, ప్రొపేన్ వాడతారు, అంటే మన వంటగ్యాస్‌లో ఉండేవే. మన వేడుకల్లో దీపం లేని చోటేది? హారతి, హోమం, కాకరపువ్వొత్తులు, కేకు మీద కొవ్వొత్తులు. చిక్కు పెట్టిన జుట్టులో గాలి నిండి ఉంటుంది కాబట్టి ఒక్క రవ్వ పడినా క్షణాల్లో అంటుకుంటుంది.

వంటింట్లో, దేవుడి గదిలో, వెలుగుతున్న అగరొత్తి దగ్గర స్ప్రే కొట్టకండి. కిటికీ తీసి, జానెడు కంటే ఎక్కువ దూరం నుంచి, కళ్ళు చేత్తో మూసి, కొద్దికొద్దిగా కొట్టండి. పూర్తిగా ఆరేదాకా దీపం దరికి వెళ్ళకండి, స్ట్రెయిటెనర్ లాంటి వేడి పరికరాలు తగిలించకండి. ఉబ్బసం ఉన్నవాళ్ళున్న గదిలో అసలు వద్దు. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు తల వంచకండి, చేతులు చాపి వేడి అందుకుని కళ్ళకి అద్దుకోండి. నైలాన్ సవరమైతే మరీ భయం, అది కరిగి చర్మానికి అంటుకుపోతుంది.

అంటుకుంటే పరిగెత్తనివ్వకండి, గాలికి మంట పెరుగుతుంది. మందపాటి నూలు దుప్పటితోనో తడి తువ్వాలుతోనో తలని కప్పి అదమండి, నీళ్ళు దొరికితే పోయండి. ఆరాక కాలినచోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్ళు ధారగా పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పెట్టకండి. తలా ముఖమూ కాలితే ఎంత చిన్నదనిపించినా డాక్టరుకి చూపించాలి.

స్ప్రే డబ్బాని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. 50 డిగ్రీలు దాటితే పేలవచ్చు, మన మే నెలలో మూసిన కారు ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది.

బండి మీద వెళ్ళేవాళ్ళు కొప్పు మండపానికి చేరాకే కట్టించుకోండి. కొప్పు కోసం హెల్మెట్ మానడం, హెల్మెట్‌ని కొప్పు మీద ఊరికే బోర్లించుకోవడం రెండూ ప్రాణాంతకమే. చిన్నపిల్లలకి సవరం, స్ప్రే రెండూ వద్దు, పూలజడ వేయండి.

విప్పేటప్పుడు

ఎంత అలసిపోయినా కొప్పుతో పడుకోకండి. రాసుకున్న లెక్క ప్రకారం పిన్నులన్నీ తీశారా చూసుకోండి. తర్వాత దువ్వెన పట్టకండి. కొబ్బరినూనెగానీ కండిషనర్‌గానీ రాసి, వేళ్ళతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ చిక్కు తీయండి. వరుసగా రెండు రోజులు వేడుకలుంటే రెండోరోజు వదులు జడ వేసుకోండి. నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు వచ్చినా, కణతల దగ్గర వెంట్రుకలు పొట్టిగా తెగి కనిపించినా కొన్ని నెలలు కొప్పు మాని, తగ్గకపోతే చర్మవైద్యుణ్ణి కలవండి.