శ్రుతి కలిపే పని

పేటలో అన్ని మతాలవాళ్లూ కలిసి పాడి ఆడే కచేరీ పెడదామనగానే అందరి మనసూ వేదిక మీదికి, ముఖ్య అతిథి మీదికి పోతుంది. గుడివాళ్ల భజన ఒకటి, చర్చివాళ్ల కీర్తన ఒకటి, దర్గావాళ్ల కవ్వాలీ ఒకటి వరసగా పెట్టేస్తారు. ఎవరి పాట అయ్యాక వాళ్లు చెప్పులు తొడుక్కుని ఇంటికి వెళ్లిపోతారు. ఒకరి పాటకు మరొకరు వాయిస్తేనే, ఒకరి చరణానికి మరొకరు తాళం వేస్తేనే అది కచేరీ. అందుకు కనీసం ఆరు వారాల ముందు పని మొదలుపెట్టాలి.

1. పెద్దలను కలవడం

పూజారిగారిని, ఇమాం సాబ్‌ను, పాస్టరుగారిని, గురుద్వారా ఉంటే జ్ఞానీజీని వాళ్ల చోటికే వెళ్లి కలవండి. ఫోనుతో సరిపెట్టకండి. ఏం పాడతారని తర్వాత అడగవచ్చు, ముందు మీకేది కుదరదో చెప్పండని అడగండి. కొందరు ముస్లింలు ప్రవక్తను స్తుతించే నాత్‌ను వాద్యాలు లేకుండానే పాడతారు. కొందరు డఫ్ వరకు ఒప్పుకుంటారు. కొందరు క్రైస్తవులు వేరే దైవం పేరు పాటలో పలకరు. ఎవరితోనూ వాదించకండి. చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మిగతా పనంతా ఆ కాగితం చూసుకునే చేయాలి.

2. రోజు, చోటు

రంజాన్ ఉపవాసాలు, మొహర్రం మొదటి పది రోజులు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం, శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం వదిలేయండి. మగ్రిబ్ నమాజు అయ్యాక మొదలుపెట్టి, ఇషా అజాన్ వేళకు టీ విరామం ఇవ్వండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు కాబట్టి 9:30కల్లా ముగిసేలా చూసుకోండి. పోలీసు అనుమతి ముందే తీసుకోండి. చోటు విషయానికొస్తే బడి మైదానం మేలు. అక్కడికి రావడానికి ఎవరూ సంకోచించరు.

3. పాటల ఎంపిక

ఒక్కో బృందం మూడు పాటలు తేవాలి. వాటిలో ఒకటి ఎంచేది మిగతావాళ్లు. ఎంచేముందు ప్రతి పాట అర్థాన్నీ తెలుగులో చెప్పించండి. అందరికీ నచ్చాలని పాటలో మాట మాత్రం మార్చకండి. మార్చిన పాటను సొంతవాళ్లే మనసారా పాడలేరు.

ఒకరి సంగీతంలోకి మరొకరు వెళ్లే దారి మన దగ్గర ఎప్పుడో పడింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగతాళాల్లో కట్టారు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికి పెద్ద పేరు తెచ్చారు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

4. శ్రుతి, తాళం

అసలు కష్టం ఇక్కడుంది. ఆడవాళ్ల శ్రుతి ఒకటి, మగవాళ్లది ఒకటి, కవ్వాలీ గొంతు తారస్థాయికి లాగుతుంది. నేను పాటించే సూత్రం ఒక్కటే: కదలలేనివాళ్ల దగ్గరికి కదలగలిగినవాళ్లు వెళ్లాలి. కీబోర్డు శ్రుతి ఒక్క మీటతో మారుతుంది. తయారైన నాదస్వరం శ్రుతి మారదు. కాబట్టి ముందు నాదస్వరం ఊదించి, మిగతావన్నీ దానికి కలపండి. పెద్దలు చెప్పినవి రాసుకున్న మొదటి కాగితానికీ ఇదే సూత్రం. ఒకరికి ఒక మాట పలకడం కుదరకపోతే వాళ్లు ఆ పాటకు తబలా వాయిస్తారు, మాటలు లేని ఆకారం పాడతారు.

రాగాల్లో చుట్టరికాలు వెతకండి. మన కల్యాణి హిందుస్తానీలో యమన్, మన మోహన అక్కడ భూపాలీ. చర్చి పాటల్లో తరచు వినిపించే మేజర్ స్కేలు మన శంకరాభరణ స్వరాలే. పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టింది ఈ స్వరాలతోనే. తాళానికి ఎనిమిది పట్టుకోండి. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, కవ్వాలీలో మోగే కెహర్వాకు ఎనిమిది మాత్రలు, కోరస్ పాటల నాలుగు దెబ్బలు రెండుసార్లు వేస్తే ఎనిమిది. మృదంగం, ఢోలక్, డప్పు ఒక్క గంట కలిసి వాయిస్తే ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు.

5. ఆట

ముగింపుకు జడకోలాటం పెట్టండి. పైనుంచి వేలాడే రంగు తాళ్లు తలొకటి పట్టుకుని, ఒకరి పక్కనుంచి ఒకరు తిరుగుతుంటే పైన జడ పడుతుంది. ఒక్కరు అడుగు తప్పితే చిక్కు పడుతుంది. వెనక్కి తిరిగితే జడ విడిపోతుంది, ఎవరి తాడు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆడేవాళ్లను సరిసంఖ్యలో తీసుకుని, ఒక బృందంవాళ్లు పక్కపక్కన పడకుండా నిలబెట్టండి. అల్లడానికి రెండు వారాల సాధన చాలు. విప్పడానికి ఇంకో వారం కావాలి, ఎక్కువమంది తడబడేది అక్కడే.

6. ఆ సాయంత్రం

ప్రారంభానికి ఉపన్యాసం వద్దు, తంబూరా మీటించండి. పాటను పాట పేరుతోనే ప్రకటించండి, మతం పేరు తేకండి. పులిహోర వడ్డించండి గానీ నైవేద్యం పెట్టి తేకండి. ప్రసాదం తినని ఇళ్లు ఉంటాయి, వాళ్లూ మన పంక్తిలోనే కూర్చోవాలి.

మైదానం ఊడ్చాక ఆ మొదటి కాగితాన్ని దాచుకోండి. పక్కింట్లో చావైనా, పెళ్లైనా, పండుగైనా ఏ వేళకు మైకు తగ్గించాలో, ఏ వంట పంపాలో అందులో రాసి ఉంటుంది. కచేరీ ఏడాదికి ఒక్కసారే వస్తుంది, ఆ కాగితంతో పని ఏడాదంతా ఉంటుంది.