ఎత్తు చక్రపు సైకిలు: షౌక్, షోకు

ఇంగ్లీషు వారి పెద్ద నాణెమైన పెన్నీని, చిన్న నాణెమైన ఫార్దింగును ప్రక్కప్రక్కన నిలిపినట్లుండుటచే ఒక సైకిలునకు పెన్నీ ఫార్దింగు అను పేరు వచ్చినది. 1870 ప్రాంతమున ఇంగ్లండునందు జేమ్స్ స్టార్లీ మున్నగువారి కృషిచే వ్యాప్తిలోనికి వచ్చిన ఈ వాహనము ఆ శతాబ్దాంతమునకే మూలబడినది. అయినను దానిపై మక్కువ గల సైక్లిస్టులు నేటికిని కలరు. టాస్మేనియా ద్వీపమందలి ఇవాండేల్ గ్రామమున 1983లో ఈ సైకిళ్ల పందెములు ఆరంభమైనవి. ఈ మక్కువకు మూలమేమో విద్యార్థులతో కలసి పరిశీలింపదలచితిమి.

ఈ సైకిలునకు గొలుసు లేదు. పెడళ్లు ముందు చక్రపు ఇరుసునకే బిగింపబడియుండును. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒకే చుట్టు తిరుగును. వేగము కావలెనన్న చక్రమును పెంచుటయే మార్గము. 52 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 163 అంగుళములు, అనగా 4.15 మీటర్లు సాగును. ఎక్కువాని కాలి పొడవే చక్రమునకు హద్దు.

గొలుసు ఈ హద్దును తొలగించినది. 28 అంగుళముల చక్రము గల సైకిలునకు ముందు 48, వెనుక 18 పళ్లున్నవనుకొందము. 48ని 18చే భాగించి 28చే గుణించిన 74.7 వచ్చును. అనగా ఆ చిన్న చక్రము 74 అంగుళములకు మించిన ఎత్తు చక్రము చేయు పనిని చేయును. అంత ఎత్తు చక్రమునకు ఎవరి కాలు అందును?

ఎత్తు చక్రమున అపాయమును కలదు. ఎక్కువాడు ఇంచుమించు ముందు ఇరుసు పైననే కూర్చుండును. రాయి తగిలినచో తలక్రిందులుగా ముందునకు పడును. ఆ కారణముచే అది ఎక్కువగా సాహసికులైన యువకుల సొత్తయినది. అట్టి సైకిలుపైననే థామస్ స్టీవెన్స్ 1884లో శాన్ ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, 1886లో లాహోరు నుండి కలకత్తా వరకు మన దేశమును దాటి, ఆ డిసెంబరున యొకొహామా చేరెను.

మన నగరమునను ఎత్తునకు ముచ్చటపడినవారు కలరు. బోయిగూడ నుండి మూసీ దాటి బహదూర్‌పురా పోయినచో సుధా కార్ల మ్యూజియము కలదు. దాని నిర్మాత సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళముల ఎత్తు గల మూడు చక్రముల సైకిలును హైదరాబాదున నడిపి గిన్నిస్ గ్రంథమునకెక్కెను. దాని చక్రపు వ్యాసము 17 అడుగులు.

ఉర్దూ ‘షౌక్’ తెలుగున ‘షోకు’ అయినది. మొదటిది తపనతో కూడిన అభిరుచి, రెండవది అలంకారము. ఎత్తు చక్రమునందు రెండును కలవు. చూచువారికది షోకు. నడుపువారికి షౌక్, ఏలయనగా దానియందు దాగిన యంత్రమేదియు లేదు. కాలి కదలిక సూటిగా చక్రమునకు చేరును. లోపలి పనితీరు కానరాని యంత్రముల నడుమ జీవించు నేటి మనిషికి ఈ సూటిదనమే ప్రీతి.

అయితే ఎత్తు చక్రము పోయెనని చింతింపనక్కరలేదు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును, 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చిన పిమ్మట సైకిలు నేలకు దిగినది. దిగినందుననే స్త్రీలకును, కార్మికులకును, మన పాలవానికిని, దూరపు బస్తీ నుండి కళాశాలకు వచ్చు పేద విద్యార్థికిని అందినది. ఎత్తు అబ్బురము గొలుపును. అందుబాటు బ్రతుకు నిలుపును. కావున విద్యార్థులారా, ఎత్తు చక్రమును చూచి ఆనందింపుడు. పిదప మీ సైకిలు పళ్లు లెక్కించి, అది ఎన్ని అంగుళముల ఎత్తు చక్రమునకు సమానమో కట్టి చూడుడు.