పెరట్లో కోళ్ళు పెంచాలనుకునే మన పిల్లలకు

సియాటిల్ చుట్టుపక్కలకు కొత్తగా వస్తున్న పల్నాడు పిల్లలూ, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, సోనామసూరి బియ్యం అన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. వాటికి దిగులుపడకండి.

నా దిగులంతా కోళ్ళ గురించే. ఇల్లు కొనగానే పెరడు చూసి ఊరు గుర్తొస్తుంది. వసంతంలో దుకాణానికి పోయి కోడిపిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చేసుకుంటారు. మొన్న గురజాల అబ్బాయి ఒకడు అదే పని చేశాడు. "ఎనిమిదింటి దాకా పెంచుకోవచ్చట కదా బాబాయ్" అన్నాడు. నిజమే. 2010 నుంచి సియాటిల్ నగరంలో ఇంటికి 8 కోళ్ళు ఉండొచ్చు, పుంజు మాత్రం కూడదు. పొట్టిరకం మేకలకూ అనుమతి ఉంది. వాటికి కొమ్ములు తీయించాలి, పోతుకు విత్తు కొట్టించాలి, లైసెన్సు తీసుకోవాలి. కానీ నువ్వున్నది సియాటిల్లో కాదు గదా అబ్బాయ్! నగరం పొలిమేర దాటితే రూలు వేరు. ఇంత చదువుకుని ఆ ఒక్కటీ కనుక్కోరేం?

పొలిమేర ఒక్కటే కాదు. అసలు దెబ్బ కాలనీ సంఘం దగ్గర తగులుతుంది. ఇల్లు కొనేటప్పుడు సంతకాలు పెట్టే కాగితాల దొంతరలో ఆ సంఘం (హెచ్.ఓ.ఏ.) నిబంధనలు కూడా ఉంటాయి. మా కాలనీ నిబంధనల్లో కుక్క, పిల్లి తప్ప మరేదీ పెంచకూడదని ఒకే ఒక్క వాక్యం ఉంది. నేనది చదవలేదు. నగర కార్యాలయానికి ఫోన్ చేస్తే పెట్టలైతే పర్లేదన్నారు, గూడు కట్టేశాను. పెట్టలని అమ్మిన పిల్లల్లో ఒకటి పుంజయింది. అది మొదటిసారి కూసిన పొద్దున, మాచర్ల వదిలాక ఇప్పుడే తెల్లారినట్టుందని మా ఆవిడ అంది. ఆ నెలలోనే సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, గడువు దాటితే జరిమానా అని. నగరం ఒప్పుకుందని ఎంత వాదించినా లాభం లేకపోయింది. నగరం వద్దననంత మాత్రాన మనం సంతకం పెట్టిన ఒప్పందం రద్దయిపోదు. గూటితో సహా అన్నిటినీ ఒక రైతుకు ఇచ్చేశాం. వాటికి పేర్లు పెట్టుకున్న మా పాప చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మళ్ళీ చెబుతున్నాను. నగరాన్నీ అడగండి, సంఘాన్నీ అడగండి. ఫోన్లో విన్నది చాలదు, కాగితం మీద చూడండి.

మన ఊళ్ళో గంప కింద కోడికి ఎవరి అనుమతి కావాలి? నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం నుంచి పల్నాటి యుద్ధం పుట్టిన నేల మనది. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో కోడిపోరు రోజు వచ్చిందంటే నాకిక్కడ ఏ పనీ తోచదు. అయినా సంక్రాంతికి కోడిపందెం సరదా ఇక్కడ వద్దు. 2008లో లూసియానా కూడా నిషేధించాక 50 రాష్ట్రాల్లోనూ కోడిపందెం నేరమే. చూడ్డానికి వెళ్ళినా ఫెడరల్ చట్టం కింద నేరమే.

 

కోడిపిల్లల్ని కొనేముందు, పుంజు తేలితే వెనక్కి తీసుకుంటారా అని దుకాణంలో అడగండి. గూడు పక్కింటికి ఎంత దూరంలో ఉండాలో కూడా కనుక్కోండి. సియాటిల్లో అయితే 10 అడుగులు.