మెట్ట ప్రాంత గృహాలలో సన్యాసి పీతల పోషణ

కీనోబిటా ప్రజాతికి చెందిన నేల సన్యాసి పీతలు మొప్పలతో శ్వాసిస్తాయి. అవి ఎండితే ఊపిరాడక మరణిస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారే గడ్డిఅన్నారం వంటి చోట్ల వీటిని తీగ పంజరంలో ఉంచరాదు. మూతగల గాజు తొట్టెలో 70-80 శాతం గాలి తేమ, 24-29 డిగ్రీల ఉష్ణోగ్రత ఉండాలి. క్లోరిన్ తొలగించిన మంచినీరు, సముద్రపు ఉప్పు కలిపిన నీరు వేర్వేరు పాత్రలలో అందించాలి.

తడి ఇసుక, కొబ్బరి పొట్టు మిశ్రమాన్ని కనీసం 15 సెం.మీ. మందాన పరచాలి. కుబుసం విడిచే పీత వారాల తరబడి అందులో కదలక ఉంటుంది. చనిపోయిందని తవ్వి తీయరాదు. విడిచిన కుబుసాన్ని తిని అది కాల్షియంను తిరిగి పొందుతుంది. పెరిగే కొద్దీ మారేందుకు రంగు పూయని, పెద్దవైన ఖాళీ నత్త గుల్లలు అందుబాటులో ఉంచాలి.

వీటి డింభకాలు సముద్రంలోనే పెరుగుతాయి. అందువల్ల అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ తీరంలో పట్టినవే. ఈ వసతులు కల్పించలేనివారికి కొనవద్దని సూచించడమే విస్తరణ శాస్త్రవేత్తల తొలి కర్తవ్యం.