నరాల్లో కరెంటు ఎక్కడిది?

కాలికి ముల్లు గుచ్చుకున్నదనుకుందాం. ఆ వార్త పాదం నుండి వెన్నుపాముకు చేరి, కాలు వెనక్కి లాక్కోవడానికి క్షణం పట్టదు. "నరాల్లో కరెంటు ఉంటది" అని మన ఊళ్లలో పెద్దలు అంటుంటారు. మాట నిజమే. కాని అది బాయికాడి మోటారు తీగలో పారే కరెంటు వంటిది కాదు. రాగి తీగలో ఎలక్ట్రానులు తీగ పొడవునా కదులుతాయి. నాడీకణంలో కదిలేవి అయాన్లు, అంటే విద్యుదావేశం గల పరమాణువులు. అవి నరం ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తవు. నాడీకణపు గోడను దాటి లోపలికీ, బయటికీ పోతాయి. ఈ తేడా ఒక్కటి గ్రహిస్తే మిగతా పాఠమంతా సులువు.

సరిహద్దు గోడ

మా చిరాగ్‌పల్లి కర్ణాటక సరిహద్దున, హైదరాబాదు నుండి ముంబై పోయే రహదారి మీద ఉన్నది. అక్కడ ఏళ్ల తరబడి చెక్‌పోస్టు నడిచింది. నాడీకణపు త్వచం కూడా అటువంటి సరిహద్దే. దాని మందం ఏడెనిమిది నానోమీటర్లు మాత్రమే. అది కొవ్వు పదార్థంతో ఏర్పడినందున అయాన్లు నేరుగా దాటలేవు. ప్రోటీన్లతో ఏర్పడిన ద్వారాల గుండానే పోవాలి. సోడియంకు ఒక ద్వారం, పొటాషియంకు మరొకటి.

సరిహద్దుకు రెండు పక్కలా సరుకు సమానంగా ఉండదు. క్షీరదాల నాడీకణాల్లో పొటాషియం లోపల లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు, బయట 5. సోడియం దీనికి విరుద్ధం: బయట సుమారు 145, లోపల 12 నుండి 15. విశ్రాంతి సమయంలో కొన్ని పొటాషియం ద్వారాలు తెరిచి ఉంటాయి. ఎక్కువ ఉన్న చోటి నుండి తక్కువ ఉన్న చోటికి పోవడం వ్యాపన ధర్మం గనుక పొటాషియం బయటికి జారుతుంది. ధనావేశం బయటికి పోయినకొద్దీ లోపల ఋణావేశం మిగులుతుంది. అది పొటాషియంను మళ్లీ లోపలికి లాగుతుంది. ఈ తోపుడూ లాగుడూ సరిసమానమయ్యే చోటు సుమారు −90 మిల్లీవోల్టులు. సోడియం కూడా కొద్దిగా లోపలికి చొరబడుతుంది కాబట్టి అసలు విలువ −70 దగ్గర నిలుస్తుంది. దీన్నే విశ్రాంతి శక్మం అంటారు. ఇది టార్చిలైటు సెల్లు వోల్టేజిలో ఇరవయ్యో వంతే. కాని గోడ ఎంత పలుచనిదో గుర్తుంచుకుంటే, ఆ తీవ్రత సెంటీమీటరుకు దాదాపు లక్ష వోల్టులు!

పంపు, దాని ఇంధనం

ఇట్లా కారుతూ పోతే రెండు పక్కలా సమానమై కణం చచ్చుబడాలి కదా? అట్లా కాకుండా సోడియం-పొటాషియం పంపు కాపాడుతుంది. ఒక ఏటీపీ అణువును ఖర్చు చేసి ఈ పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో వెలుగులోకి తెచ్చిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆ ఏటీపీ కథలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాల నుండి ఏటీపీని వేరుచేశాడు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు.

మన బరువులో మెదడు రెండు శాతమే. కాని విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తిలో ఐదో వంతు దానికే కావాలి. అందులో పెద్ద వాటా ఈ పంపులకే పోతుంది. అంటే మనం తినే జొన్నరొట్టెలో కొంత, నరాల గోడకు అటూ ఇటూ ఉప్పును సర్దడానికే ఖర్చవుతుందన్నమాట.

వార్త పోయే తీరు

మోటారుతో నీళ్లను హౌజుకెక్కించి నిలువ చేస్తే, తర్వాత తూము తీయడమే ఆలస్యం. నరం కూడా అంతే. ప్రేరణ తగిలి శక్మం −55 దాకా తగ్గితే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది, శక్మం +30 దాకా పోతుంది. వెంటనే ఆ ద్వారాలు మూతపడతాయి, అదనపు పొటాషియం ద్వారాలు తెరుచుకుని మళ్లీ మొదటి స్థితి వస్తుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. ఇదే క్రియాశక్మం. ఒకచోటి మార్పు పక్క ద్వారాలను తెరిపిస్తుంది, అవి ఆ పక్కవాటిని. టపాకాయల దండ అంటుకున్నట్టు వార్త ముందుకు పోతుంది. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద ప్రయోగాలు చేసి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో దీన్ని లెక్కలతో సహా నిరూపించారు. 1963లో ఎకిల్స్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

పైరు మీది మందు, ఒంటి మీది మందు

ఇదంతా పరీక్షకే అనుకుంటే పొరపాటు. పత్తికీ, కందికీ కొట్టే పురుగుమందుల్లో చాలావాటి గురి ఈ నరాలే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి సోడియం ద్వారాన్ని సరిగా మూసుకోనియ్యవు. తూము తలుపు ఇరుక్కుపోయినట్టే. నరం ఆగకుండా వార్తలు పంపి, పురుగు గిలగిల కొట్టుకుని చస్తుంది. మన నరాల్లోనూ ఉన్నది దాదాపు అటువంటి ద్వారమే. మన కాలేయం ఈ మందులను త్వరగా విరగగొడుతుంది గనుక చాలావరకు తప్పించుకుంటాం. అయినా మందు కొట్టిన వారికి మొహం మంటలెత్తడం, చురుక్కుచురుక్కుమనడం అందువల్లనే. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటివి మరొక చోట దెబ్బతీస్తాయి. నరం నుండి కండరానికి వార్త మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగగొట్టే ఎంజైమును ఇవి ఆపేస్తాయి. చొంగ, చెమట, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. ఈ మందులు నోటి ద్వారానే కాదు, తడిసిన చొక్కా గుండా చర్మం నుండి కూడా ఒంట్లోకి పోతాయి.

కనుక సెలవుల్లో ఊరికి పోయే మిత్రులు తమ నాన్నకో, అన్నకో, కూలికి వచ్చే వారికో నాలుగు ముక్కలు చెప్పాలి. గాలికి ఎదురుగా మందు కొట్టవద్దు. చేతికి తొడుగులు, నిండు చొక్కా, మూతికి గుడ్డ ఉండాలి. మందు కొట్టిన చేతితో బీడీ ముట్టవద్దు. పని కాగానే సబ్బుతో స్నానం చేసి బట్టలు వేరుగా ఉతకాలి. ఎవరికైనా తేడా చేస్తే తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. డబ్బా మీది పేరు చూస్తేనే డాక్టరుకు ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది. మనం ప్రయోగశాలలో నేర్చిన అయాన్ల పాఠం చేను గట్టు దాకా చేరితేనే చదువుకు ఫలం.